నేనే అడిగి పెట్టించుకున్న చిమ్నీ గొడుగును తీసివేయించుట గురించి

ఆసుపత్రుల ఉమ్మడి లాండ్రీ పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
అదే లాండ్రీ బాయిలర్ ఇన్‌ఛార్జి సమర్పించుకొను అర్జీ. వరుసలో ఇది పదమూడవది.

విషయం: బాయిలర్ చిమ్నీ పైన వాన పడకుండా అమర్చిన రేకు గొడుగును తొలగించుట; ఆ గొడుగు వలన ఆరవేత పెరడు ఇన్‌ఛార్జికి అందిన మూడు మెమోలను రద్దు చేయుట; ఈ అర్జీని గురువారం ఉదయం పదకొండు గంటల విచారణకు ముందే చదువుట గురించి.

సూచిక: నా పన్నెండు అర్జీలు, తమ కార్యాలయపు పన్నెండు జవాబులు. వాటిలో పదకొండు ఒకటే జవాబు.

అయ్యా,

ఈ కాగితం చూడగానే "మళ్ళీ చిమ్నీయేనా" అని తమరు నిట్టూరుస్తారని నాకు తెలుసు. మళ్ళీ చిమ్నీయే. చిమ్నీకి గొడుగు కావాలని నాలుగేళ్ళు తమ ప్రాణం తీసిన మనిషిని నేనే. ఇప్పుడు ఆ గొడుగు వద్దని ప్రాణం తీయడానికి వచ్చినవాడినీ నేనే. తిక్కలోడని అనుకున్నా సరే, పక్కన మాత్రం పడేయకండి. ఈ వ్యవహారంలో నా పరువు ఎలాగూ పోయింది. పోకూడనిది మా అక్క ఉద్యోగం. దుప్పట్ల మీద మసి మచ్చలు పడుతున్నాయని గురువారం ఆమెను పనిలోంచి తీసేయబోతున్నారు. ఆ మచ్చలు నావి. కావున ఈ క్రింది అంశములను తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. ముందుగా స్థలము, మనుషులు. మూడు ఆసుపత్రుల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గుడ్డలు కలిపి రోజుకు సుమారు రెండు వేలు మా లాండ్రీకి వచ్చును. వాటిని ఉడకబెట్టడానికి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్‌కు బొగ్గు, బొగ్గు పొగకు చిమ్నీ. చిమ్నీ ఇనుపది, తొంభై అడుగులు. దాని పక్కనే గోడ, గోడకు అవతల ఆరవేత పెరడు, అందులో నలభై తీగలు. ఆరబెట్టే యంత్రాలు నాలుగు ఉండగా మూడు పనిచేయవు. వాటి గురించి వేరే అర్జీ నడుస్తోంది కనుక ఆ కోపాన్ని ఇందులో కలపను.

ఆ పెరడు ఇన్‌ఛార్జి నా సొంత అక్క. ఈ సంగతి దాచితే రేపు తమ సెక్షన్ గుమాస్తా తవ్వి తీస్తాడు కాబట్టి ముందే చెబుతున్నాను. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు, ఆమెకు పదహారు. నాకు తల దువ్వి బడికి పంపింది ఆమే, బడి ఎగ్గొడితే చెవి మెలేసి మళ్ళీ పంపిందీ ఆమే. ఈ లాండ్రీలో ఆమెది ఇరవై రెండేళ్ళ సర్వీసు. నాది ఐదేళ్ళు. అంతకుముందు నేను ఒక రంపపు మిల్లులో డీజిల్ ఇంజను నడిపేవాడిని. ఆ ఇంజను పొగగొట్టానికి పైన చిన్న మూత ఉండేది. ఈ మూత విషయం అనవసరంగా చెప్పడం లేదు, నా తలకెక్కిన తెగులు అక్కడే మొదలైంది.

2. నేను చేరిన ఏడాది వానాకాలంలో, ఒక సోమవారం ఉదయం బాయిలర్ తలుపు తెరవగా, లోపలి నుండి నల్లటి నీళ్ళు నా బూట్ల మీదకు ధారగా వచ్చినవి. ఆదివారం సెలవు, బాయిలర్ చల్లగా ఉంటుంది, ముందురోజంతా వాన. చిమ్నీలో పడిన నీరు మసితో కలిసి, కింద నిండి, పొయ్యినీ చిమ్నీనీ కలిపే అడ్డగొట్టం గుండా వెనక్కి పొయ్యిలోకి వచ్చింది. ఆ బురద ఎత్తి పోసి, తడి ఇటుకలు ఆరబెట్టి, ఆవిరి పట్టేసరికి మధ్యాహ్నం అయ్యింది. ఆసుపత్రుల నుంచి ఒకటే ఫోన్లు. ఆపరేషన్ బల్ల మీద పరచడానికి గుడ్డ లేదని ఒక నర్సమ్మ నన్ను తిట్టిన తిట్లు తమకు రాతపూర్వకంగా సమర్పించలేను.

అది మొదలు ప్రతి వానకూ ఇదే తంతు. నేను తల పైకెత్తి చిమ్నీ వైపు చూశాను. పైన ఏమీ లేదు, నోరు తెరుచుకుని ఆకాశం వైపు చూస్తోంది. అదే రోజు మొదటి అర్జీ రాశాను. దానిలో నేను వాడిన వాక్యం ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు: "ఇంటికి కప్పు, మనిషికి గొడుగు, సైకిలు సీటుకు సైతము ప్లాస్టిక్ సంచి ఉండగా, తొంభై అడుగుల చిమ్నీని వానలో బోడినెత్తితో నిలబెట్టుట ఏమి న్యాయము?" ఎంత బాగా రాశానో అని నాకు నేనే మురిసిపోయి, అక్కకు చదివి వినిపించాను. అక్క దుప్పటి మడత పెడుతూ "బాగుందిరా" అంది.

3. తమ కార్యాలయం నుండి "అంశము పరిశీలనలో ఉన్నది" అని పదకొండు పర్యాయములు జవాబు వచ్చినది. నేను కాళ్ళరిగేలా తిరిగాను. మూడో ఏట "పారిశ్రామిక చిమ్నీలకు వాతావరణము నుండి రక్షణగా గొడుగులు అవసరమా, కాదా" అన్నది తేల్చుటకు ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. సంఘం వారు మండుటెండలో వచ్చారు. ముగ్గురూ చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని పైకి చూశారు, నేనిచ్చిన టీ తాగారు, వెళ్ళారు. నివేదికలో ఏం రాశారో తమకు గుర్తుండకపోవచ్చు, నాకు గుర్తుంది. "తనిఖీ సమయమున చిమ్నీలోనికి వర్షము పడుచున్నట్లు కనబడలేదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. పన్నెండో అర్జీకి జతగా ఒక సీసా నిండా చిమ్నీ నీళ్ళు పంపాను. ఆ సీసా బిరడా సరిగా బిగించకపోవడం నా తప్పే. ఆ నీళ్ళు తమ బల్ల మీదా, తమ ప్రమోషన్ ఫైలు మీదా పడ్డాయని తర్వాత తెలిసింది. వారం తిరక్కుండా గొడుగు మంజూరైంది. నాలుగేళ్ళ నా విన్నపాలకు కరగని కార్యాలయం ఒక్క సీసాడు మసినీళ్ళకు కరిగింది. ఈసారి సీసా పంపడం లేదు, గురువారం నేనే వస్తున్నాను.

4. (ఈ అంశము నేనే కొట్టివేసితిని. కోపంలో రాసింది. తమ గురించే.)

5. గొడుగు తయారు చేసినది మా బావమరిది. లాండ్రీ వెల్డింగు పనులన్నీ ఎప్పటినుంచో అతడివే, నేను ఇప్పించినవి కావు. నాలుగు కాళ్ళ మీద నిలబడిన పెద్ద రేకు శంకువు అది. పైకెక్కించి బోల్టులు బిగించి దిగి వచ్చి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"బావా, ఇది గొడుగు కాదు, కిరీటం. దూరం నుంచి చూసినవాడు ఇది ఎవరి చిమ్నీ అని అడగాలి."

ఇప్పుడు మూడు ఆసుపత్రుల వాళ్ళూ అదే అడుగుతున్నారు.

ఆ రోజు తమరే వచ్చి రిబ్బను కత్తిరించారు. అందరూ చప్పట్లు కొట్టారు. తమరు నా భుజం తట్టి "పట్టుదల అంటే ఇలా ఉండాలి" అన్నారు. "నా ఫిర్యాదు పూర్తిగా పరిష్కారమైనది, సంతృప్తి చెందితిని" అన్న ఫారం మీద నేను సంతకం పెట్టాను. మూడు ప్రతుల్లో పెట్టాను. ఎంత సంతృప్తి చెందానంటే, సంతకం కింద తేదీ కూడా రెండుసార్లు వేశాను.

పది రోజులు బాగానే గడిచింది. తర్వాత పొద్దుటి పూట చలి మొదలైంది. ఒక ఉదయం అక్క గోడ మీదుగా కేకేసింది.

"ఏరా, పొగంతా ఇటే దిగుతోందేమిటి?"

"గాలి అక్కా. రెండు రోజుల్లో తిరుగుతుంది."

గాలి తిరిగింది. పొగ మాత్రం దిగడం మానలేదు. అంతకుముందు చిమ్నీ నోట్లోంచి సర్రున పైకి పోయే పొగ ఇప్పుడు రేకుకు గుద్దుకుని, చుట్టూ పరుచుకుని, చిమ్నీ ఒంటిని పాకుతూ నేరుగా తీగల మీదకు దిగుతోంది. తడి దుప్పటి మీద మసి రేణువు పడితే అంటుకుపోతుంది. దులిపితే పోదు, గీత పడుతుంది. అక్కా, ఆమె కింద పనిచేసే ఆడవాళ్ళూ రోజూ పొద్దున్నే నలభై తీగలూ తడిగుడ్డతో తుడుస్తారు. మచ్చ పడినవి మళ్ళీ ఉతికిస్తారు. తీగల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి చూశారు, అప్పుడు దుప్పట్లు ఆరక వాసన పట్టాయి. గాలివాటు చూసి, గంటకోసారి ఈ వరుసలోంచి తీసి ఆ వరుసలో వేస్తారు. యాభై ఆరేళ్ళ మనిషి, తడి దుప్పట్ల గంప మోస్తూ, కొంగు ముక్కుకు కట్టుకుని, దగ్గుతూ. నేను గోడ ఇవతల నిలబడి బొగ్గు వేయిస్తూ ఉంటాను. నేను వేయించే ఒక్కో పార బొగ్గూ అటే వెళుతోందని తెలిసే వేయిస్తూ ఉంటాను.

మెమోలు మూడు వచ్చాయి. మూడోదానిలో ఇలా ఉంది: "ఆరవేత పెరడు ఇన్‌ఛార్జి తన విధి నిర్వహణలో అశ్రద్ధ వహించి, వస్త్రములను మసి తగులు చోట ఆరవేయుచున్నందున..." అయ్యా, ఆ పెరట్లో మసి తగలని చోటు ఎక్కడుందో మెమో రాసినవారు వచ్చి వేలు పెట్టి చూపించాలి. చూపిస్తే అక్కడ మా అక్కను నిలబెడతాను, కాసేపు ఊపిరి పీల్చుకుంటుంది.

6. గొడుగు తీయించవలెనని తమ సెక్షన్‌కు వెళ్ళగా, గుమాస్తా గారు నా పన్నెండు అర్జీల ఫైలు రెండు చేతులా ఎత్తి బల్ల మీద పడేసి, బుర్ర గోక్కున్నారు.

"తీసేయమని అర్జీ పెట్టడానికి ఫారం లేదండీ. లేనిదాన్ని ఇమ్మని అడగడానికే ఉంది."

"తెల్ల కాగితం మీద రాసిస్తాను."

"రాసినా ఏ పద్దు కింద కట్టమంటారు? మీ ఫిర్యాదు పరిష్కారమైపోయింది. మీరే సంతృప్తి చెందారు. ఇదిగో, మూడు ప్రతులు."

"ఇప్పుడు అసంతృప్తి చెందాను."

"ఒకసారి చెందాక మళ్ళీ చెందడానికి పదేళ్ళు ఆగాలండీ. మంజూరైన వస్తువు పదేళ్ళు వాడకంలో ఉండాలని రూలు."

"పదేళ్ళు ఆ పొగ పీలిస్తే మా అక్క ఉంటుందా?"

"ఆవిడ గురువారం తర్వాత అక్కడ ఉండరు కదండీ," అన్నారాయన. పాపం, ఆయన చెడ్డవాడు కాడు. నన్ను ఊరడించాలనే అన్నారు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. తమ కార్యాలయానికి లేనిది ఇవ్వడమొక్కటే వచ్చునట. అలాగైతే ఈ అర్జీని "గొడుగు లేకపోవుటను మంజూరు చేయు విషయము" కింద నమోదు చేసుకోవలసిందిగా ప్రార్థన. మా చిమ్నీ పైన ప్రస్తుతం గొడుగు లేకపోవడం లేదు. అది మాకు అత్యవసరం.

7. ఇక చెప్పడానికి నోరు రాని సంగతి.

నాకు ముందు ఆ బాయిలర్ ముప్ఫై ఒక్క సంవత్సరాలు చూసిన పెద్దాయన ఉన్నారు. అందరూ ఆయన్ని పొగతాత అనేవారు. రిటైరై కూతురి దగ్గర రెండో అంతస్తులో ఉంటున్నారు. దిక్కు తోచక, పోయిన శనివారం పని దిగాక ఆయన దగ్గరకు వెళ్ళాను. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పాత గడియారం ఒకటి విప్పి పెట్టుకున్నారు.

"టోపీ పెట్టించావటగా," అన్నారు నన్ను చూడగానే.

"పెట్టించాను. ఇప్పుడు పొగ పెరట్లోకి దిగుతోంది."

"దిగదూ మరి! పైకి పోయేదాని నెత్తి మీద చెయ్యి పెడితే ఎటు పోతుంది?"

"వాన పడుతోంది కదా తాతా, అందుకని..."

"పడనీ."

"పడితే లోపలికి నీళ్ళు రావూ?"

"వస్తాయి. కింద కన్నంలోంచి పోతాయి."

"ఏ కన్నం?"

ఆయన చేతిలో ఉన్న చిన్న స్క్రూ బల్ల మీద పెట్టి నా ముఖంలోకి చూశారు.

"చిమ్నీ అడుగున, గోడ వైపు. నా బొటనవేలు పట్టేంత ఉంటుంది. చిమ్నీ కట్టినవాళ్ళే పెట్టారు. సోమవారం సోమవారం ఒక వంకర చువ్వ పెట్టి మసి పొడిచేవాణ్ణి. అదేం చేశావు?"

నేను బల్ల మీది స్క్రూ తీసి అటూ ఇటూ తిప్పాను.

"ఒరేయ్, ఏం చేశావు?"

"నాకెందుకు చెప్పలేదు తాతా?" అన్నాను. జవాబు ఎగ్గొట్టడానికి అంతకంటే ఏమీ దొరకలేదు.

"అన్నం తినేటప్పుడు నోరు తెరవమని ఎవరైనా చెబుతారా? కళ్ళెదురుగా ఉండె కదరా!"

8. ఏం చేశానో ఆయనకు చెప్పలేకపోయాను. తమకు చెబుతున్నాను, తమరు నా ముఖంలోకి చూడడం లేదు కాబట్టి.

ఇన్‌ఛార్జిగా నా మొదటి వారంలో, చిమ్నీ అడుగున గోడ వైపు ఒక కన్నం, దానిలోంచి కారుతున్న నల్లటి చుక్కలు, నేల మీద తుప్పు మరక కనబడినవి. నేను దాన్ని లీకు అనుకున్నాను. మా బావమరిదిని పిలిపించి, పావలా బిళ్ళంత రేకుముక్క పెట్టి శుభ్రంగా వెల్డు చేయించాను. అంతటితో ఊరుకున్నానా? షిఫ్టు మనుషులందరినీ పిలిచి, చుట్టూ నిలబెట్టి, వేలు పెట్టి చూపించి, "ముప్ఫై ఏళ్ళుగా ఈ లీకు ఒక్కరి కంటా పడలేదా?" అని ఉపన్యాసం ఇచ్చాను.

అంటే ఏమిటంటే, వాననీళ్ళు బయటికి పోయే దారి నేనే మూశాను. మూసి, నీళ్ళు నిండుతున్నాయని నాలుగేళ్ళు అర్జీలు రాశాను. సంఘం వేయించాను. తమ బల్ల తడిపాను. గొడుగు పెట్టించాను. ఆ గొడుగు పొగను మా అక్క మీదకు తోసింది. మొదలు నుంచి చివరి దాకా ఇందులో వానది గానీ, చిమ్నీది గానీ, తమది గానీ తప్పేమీ లేదు. తమది కొంచెం ఉంది: నాలుగేళ్ళలో ఒక్కరైనా పైకి కాకుండా కిందికి చూడాల్సింది. కానీ నేను రోజూ అక్కడే ఉండి చూడలేదు, తమర్ని అనే ముఖం నాకు లేదు.

మర్నాడు ఆదివారం, బాయిలర్ ఆపి ఉండగా, ఎవరి అనుమతీ లేకుండా ఆ కన్నం తిరిగి తెరిపించితిని. ఇది నేరమైతే నమోదు చేసుకోగలరు. రేకుముక్క ఊడగానే లోపలి నుంచి మసి, తుప్పు, బురద కలిపి రెండు డ్రమ్ములు వచ్చింది. గొడుగు ఉండగానే ఇంత నీరు ఎక్కడిదని తమకు అనుమానం రావచ్చు. గాలివాన నిటారుగా పడదండీ, పక్కనుంచి కొడుతుంది. అంటే ఆ గొడుగు వాననూ పూర్తిగా ఆపలేదు, పొగను మాత్రం పూర్తిగా ఆపింది. మా బావమరిది ఆ బురద వైపూ, పైన తన కిరీటం వైపూ చూసి, ఒక్క ముక్క మాట్లాడకుండా సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. రెండు రోజులుగా మా ఆవిడ కూడా నాతో మాట్లాడటం లేదు, తమ్ముడి పక్షం.

9. చిమ్నీలకు గొడుగులు అవసరమా, కాదా అన్నది తమ ఫైలులో ఇంకా తేలకుండా ఉన్నది గనుక, బాయిలర్ మనిషిగా నా జవాబు రాసి ఇస్తున్నాను, సంఘం మళ్ళీ ఎండలో రానక్కరలేదు. పొయ్యి మండుతున్నప్పుడు వేడి పొగ విసురుగా పైకి పోతుంది, దానికి ఎదురు వచ్చే వానలో చాలా మటుకు లోపలికి దిగదు. పొయ్యి ఆరినప్పుడు పడిన నీరు గోడల వెంట జారి అడుగున కన్నం గుండా పోతుంది. కావలసింది ఆ కన్నం, వారానికోసారి దాన్ని పొడిచే చువ్వ, వంగడానికి సిగ్గుపడని ఒక మనిషి. ఇంజను పొగగొట్టం వేరు, ఇంటి వంటగది గొట్టం వేరు, తొంభై అడుగుల చిమ్నీ వేరు. మాది లాంటి చిమ్నీకి నెత్తిన రేకు అక్కరలేదు. ఉంటే కీడు. ఈ మూడు ముక్కలు తెలుసుకోవడానికి నాకు ఐదేళ్ళూ, మా అక్కకు మూడు మెమోలూ పట్టాయి.

కావున తమను కోరుకొనునది:

(అ) వచ్చే ఆదివారం బాయిలర్ చల్లబడి ఉండగా గొడుగు దించుటకు ఒక్క సంతకం. దించే మనిషిని నేను బతిమాలి తెచ్చుకుంటాను.

(ఆ) మూడు మెమోలు అక్క పేరు మీద కొట్టేసి నా పేరు మీద రాయుట. కొత్త కాగితం అక్కరలేదు, పేరు ఒక్కటి మారిస్తే చాలు. "అశ్రద్ధ వహించి" అన్నది అలాగే ఉంచవచ్చు, అది సరిగ్గా నాకే సరిపోతుంది.

(ఇ) నేను సంతృప్తి చెందినట్లు ఇచ్చిన మూడు ప్రతులను చించివేయుట, లేదా నా కళ్ళ ముందు పెట్టకుండా ఉండుట.

కన్నం మూసిన సంగతి మా అక్కకు తెలియదు. తెలిస్తే చెవి మెలేస్తుంది, వేయనీ. తమరు విచారణలో చెప్పేకంటే ముందు నేనే చెప్పడం న్యాయమని, ఈ అర్జీ చిత్తు ప్రతి ఈరోజు మధ్యాహ్నం ఆమెకు చూపించబోతున్నాను.

ఇదివరకటి పన్నెండూ పక్కన పెట్టి, ఈ పదమూడవదాన్ని మాత్రం చిత్తగించవలెనని వేడుకొనుచు,

పన్నెండు అర్జీలలో తప్పుగా రాసి, దీనిలో ఒప్పుగా రాసిన
తమ విధేయుడు,
బాయిలర్ ఇన్‌ఛార్జి

తాజా కలం: అయ్యా, సంతకం పెట్టేశాక మళ్ళీ రాస్తున్నాను. అక్కకు చూపించాను. తీగల మధ్య నిలబడి, అద్దాలు కొంగుతో తుడుచుకుని, మొత్తం చదివింది. మసినీళ్ళు తమ ఫైలు మీద పడ్డ చోట నవ్వింది కూడా. ఎనిమిదో అంశం దగ్గర కోప్పడుతుందని చూస్తున్నాను. కాగితం మడిచి నా చేతికిచ్చింది.

"కన్నం సంగతి నాకు తెలుసురా."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు మూయించిన రోజే. అందర్నీ పిలిచి లెక్చరిచ్చావుగా, వెనకాల నేనూ ఉన్నా. తాత దాన్ని పొడవడం పదిహేడేళ్ళు ఈ గోడ మీంచే చూశాను."

"అప్పుడే చెప్పొచ్చు కదే!"

"ఎలా చెప్పను? ఉద్యోగంలో మొదటి వారం. పదిమంది ముందు అంత గర్వంగా నిలబడ్డావు. తర్వాత మెల్లగా చెబుదామనుకున్నా. ఈలోపు నువ్వు అర్జీలు మొదలుపెట్టావు. అందరూ నిన్ను ఎంత పట్టుదలో అన్నారు. నాకూ సంతోషంగానే ఉండేది. వాన నీళ్ళేగా, ఏమవుతుందిలే అనుకున్నా. పొగ నా మీదకే దిగుతుందని నాకు మాత్రం తెలుసా?"

"ఇప్పుడైనా చెప్పాలి కదా అక్కా. మెమోలు నీకొస్తున్నాయి."

"నాకు ఇంకా రెండేళ్ళే సర్వీసు. నీకు పన్నెండేళ్ళుంది. ఇద్దరు పిల్లల చదువులున్నాయి." గంప ఎత్తుకుంటూ అంది, "మూడో మెమోకి సంజాయిషీ పోయిన వారమే ఇచ్చేశాను. పొరపాటు నాదే అని రాశాను. నువ్వా కాగితం ఇవ్వకు."

అయ్యా, తమ బల్ల మీద ఉన్న ఆ సంజాయిషీ అబద్ధం. ఇరవై రెండేళ్ళలో ఆమె రాసిన అబద్ధం అదొక్కటే అయి ఉంటుంది. నేను ఇవ్వనని ఆమెకు మాటిచ్చాను. ఇస్తున్నాను. గురువారం పదకొండింటికి తమ గది బయట బల్ల మీద ఇద్దరం కూర్చుని ఉంటాం. ముందు నన్ను పిలవండి. ఆమెను పిలిస్తే, నోరు తెరిచిన మరుక్షణం నన్ను కాపాడేస్తుంది.